పాత ర్యామ్ పక్కన కొత్త ర్యామ్

డెస్క్‌టాప్‌లో ఉన్న 8 జీబీ ర్యామ్ చాలనప్పుడు, ఖాళీ స్లాట్‌లో వేరే కంపెనీ స్టిక్కు పెట్టవచ్చా అని మిత్రులు తరచూ అడుగుతుంటారు. రెండూ ఒకే తరానివైతే చాలావరకు పెట్టవచ్చు. డీడీఆర్4, డీడీఆర్5 అనే రెండు తరాల ర్యామ్‌లకూ 288 పిన్నులే ఉన్నా, గాడి స్థానం వేరు కనుక ఒకదాని చోట మరొకటి పట్టదు.

3200 స్టిక్కు పక్కన 2400 స్టిక్కు ఉంటే సాధారణంగా రెండూ 2400 వేగంతోనే నడుస్తాయి. ప్రతి స్టిక్కు మీదా ఉండే ఎస్‌పీడీ అనే చిన్న చిప్‌లో దాని వేగం, టైమింగుల (స్పందనకు పట్టే సమయాల) వివరాలు ఉంటాయి. కంప్యూటర్ ఆన్ చేయగానే బయాస్ (మదర్‌బోర్డులో ఉండే ప్రారంభ సాఫ్ట్‌వేర్) వాటిని చదివి, రెండింటికీ సరిపడే విలువలను ఎంచుకుంటుంది. అసలు చిక్కు ఎక్స్‌ఎంపీతోనే, అంటే ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే సిద్ధ సెట్టింగుల ప్రొఫైల్‌తోనే వస్తుంది. ఆ ప్రొఫైల్ ఒక స్టిక్కు కోసం, తరచుగా 1.35 వోల్టుల వద్ద, పరీక్షించి ఇచ్చినది కాబట్టి, 1.2 వోల్టుల రెండో స్టిక్కు ఆ వేగాన్ని అందుకోలేక కంప్యూటర్ హఠాత్తుగా రీస్టార్ట్ కావచ్చు. అప్పుడు ఎక్స్‌ఎంపీని ఆపేయడమే మేలు.

8 జీబీకి 4 జీబీ జోడిస్తే, ఇంటెల్ ఫ్లెక్స్ మోడ్ ఉన్న బోర్డులో రెండింటి నుంచీ తీసుకున్న 4 జీబీల చొప్పున డ్యూయల్ చానెల్‌లో (రెండు దారుల్లో ఒకేసారి డేటా పంపే వేగమైన పద్ధతిలో), మిగిలిన 4 జీబీ సింగిల్ చానెల్‌లో పనిచేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివారికి ఈ తేడా ఆటల్లో తెలుస్తుంది. ఆఫీసు పనికి మాత్రం, నా అభిప్రాయంలో, చానెళ్ల కంటే మొత్తం జీబీలే ముఖ్యం. ఏ జత పెట్టినా, ముఖ్యమైన ఫైళ్లు తెరిచేముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ అనే ప్రోగ్రామ్‌ను ఒక రాత్రంతా నడిపి, ఒక్క లోపం కనబడినా ఆ జతను విడదీయాలి.