మహారాణిపేటలో ఒక అరిగిన ఎల్పీ

బడిలో సంగీతం నేర్పడానికి తయారైన పాత రికార్డులంటే నాకు ప్రాణం. విశాఖ మహారాణిపేటలో ఒక రిటైర్డ్ మ్యూజిక్ టీచరు గారి దగ్గర జర్మన్ సంగీతకర్త కార్ల్ ఓర్ఫ్ ‘మ్యూజిక్ ఫర్ చిల్డ్రన్’ ఇంగ్లండు ప్రెస్సింగ్ (అక్కడ అచ్చయిన కాపీ) ఉందని తెలియగానే బెజవాడలో రత్నాచల్ ఎక్కేశాను. అదే రికార్డు అమెరికాలో ఏంజెల్ లేబుల్ మీద వచ్చిన కాపీ నా దగ్గర ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి వినాలన్నది ఎన్నాళ్ళ కోరికో. నా కాపీని రెండు అట్టల మధ్య కట్టి, దారి పొడవునా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

సాయంత్రం రమ్మన్నారు కాబట్టి మధ్యాహ్నం పూర్ణా మార్కెట్ వైపు పాత సామాన్ల కొట్లు చూశాను. దొరికినవన్నీ సినిమా పాటలే, అన్నీ దమ్‌దమ్‌లో అచ్చయినవే. కలకత్తా శివార్లలోని ఆ చోట రికార్డులు అచ్చేసే ఫ్యాక్టరీ 1928లో మొదలైంది. హౌరా నుంచి మద్రాసు వెళ్ళే రైలు మార్గం మీదే ఉన్న ఊరు కదా విశాఖ, ఆ ప్లేట్లకి ఇక్కడ కొదవ లేదు. అట్టలకి మాత్రం సముద్రపు చెమ్మ పట్టి బూజు మచ్చలు తేలాయి.

పిల్లలకి సంగీతం నేర్పే ఓర్ఫ్ పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. ఆయన 1924లో డొరోతే గుంతర్‌తో కలిసి మ్యూనిక్‌లో బడి పెట్టాడు. 1948లో బవేరియా రేడియోలో పిల్లల కోసం గునిల్డ్ కేట్‌మన్‌తో కలిసి పాఠాలు చేశాడు. వాటినుంచి 1950-54 మధ్య అయిదు సంపుటాల పుస్తకాలు వచ్చాయి. మార్గరెట్ మర్రే వాటిని ఇంగ్లీషు పిల్లలకి తగ్గట్టు మలిచింది. 1950ల చివర్లో ఇంగ్లండులో ఈఎంఐ కంపెనీ వాళ్ళ కొలంబియా లేబుల్ మీద వచ్చిన రికార్డులు ఆ పాఠాలవే. మొదటి సంపుటమంతా అయిదు స్వరాలే. జైలోఫోన్ మీద మ, ని పలకలు తీసి పక్కన పెట్టేస్తారు. ఇక పిల్లవాడు ఎక్కడ కొట్టినా అపస్వరం రాదు. మిగిలేది స రి గ ప ద, అంటే మన మోహన రాగం! మనకేమో తొలి పాఠం మాయామాళవగౌళ. మొదటిసారి ఈ రికార్డు విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

టీచరు గారు బీరువా తీసి రికార్డు చేతికిచ్చారు.

“ఏటి బాబూ, అరిగిపోయిన ప్లేటు కోసం ఇంత దూరం వచ్చేరా?”

“అరిగింది కాబట్టే వచ్చానమ్మా” అన్నాను.

దీపం కింద వాల్చి చూశాను. మొదటి వైపు ఒకే ఒక్క బ్యాండు (ఒక్కో అంశానికి ఉండే గాళ్ళ పట్టీ) బూడిద రంగుకి తిరిగింది. దానికి అటూ ఇటూ నల్లగా మెరుస్తోంది. లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ జాగాలో కుడి వైపున ‘ఆర్’ అనే అక్షరం ఒక్కటే చెక్కి ఉంది. ఈఎంఐ వాళ్ళు స్టాంపర్లకి (రికార్డులు అచ్చు వేసే లోహపు మూసలకి) అంకెలకు బదులు ‘గ్రామోఫోన్ లిమిటెడ్’ అన్న పేరులోంచి తీసుకున్న పది ఇంగ్లీషు అక్షరాలు వేసేవారు. జీ అంటే ఒకటి, ఆర్ అంటే రెండు. అంటే ఇది రెండో స్టాంపరు మీద అచ్చయింది. అచ్చు అరిగిపోయి కాపీ చెడిందనడానికి వీల్లేదు. ఈ అరుగుదల అంతా తరగతి గదిలోదే.

ముందు నాది పెట్టాం. చప్పట్లు ఎదురుగా కొట్టినట్టే ఉన్నాయి, మాటల చివర ‘స్’ శబ్దం కూడా పదునుగా వినిపించింది. తర్వాత ఆవిడది. ఇంగ్లండు ప్రెస్సింగ్‌లో కింది స్వరాలు నిండుగా ఉన్నాయి, ఆ విషయంలో నా కాపీ దిగదుడుపే. ఆ బూడిద రంగు బ్యాండు దగ్గరికి వచ్చేసరికి మాత్రం హల్లులన్నీ గరగరలో కలిసిపోయాయి. పాత మోనో (ఒకే ఛానెల్) రికార్డులకి వాడే వెడల్పాటి సూది మారిస్తే అది గాడిలో కాస్త పైన, అంతగా అరగని చోట ఆనింది, సగం మాటలు తిరిగొచ్చాయి.

ఆ బ్యాండులో పాట లేదు. పిల్లలు ఉత్త మాటల్నే లయగా పలుకుతారు. దాన్నే ఎందుకు అన్నిసార్లు వేశారని అడిగాను. ఆవిడ బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ మొదలుపెట్టారు: “చందువ, చందువ.” నాలుగు మాత్రలు, చతురశ్రం. “వంజరం, వంజరం.” అయిదు, ఖండం. “కానాగంత, కానాగంత.” ఏడు, మిశ్రం. “పండుగప్ప” అనగానే నేనే లెక్కపెట్టాను, ఆరు. బడిలో సగం మంది బెస్తవారి పిల్లలట. ప్లేటు వేసి ఇంగ్లీషు మాటలు వినిపించి, వెంటనే ఆపి, అదే పద్ధతిలో చేపల పేర్లు చెప్పించేవారట. నాలుగు వరసల పిల్లలు నాలుగు చేపలు ఒకేసారి పలికేవారట.

కొత్తదానిలా ఉండే కాపీకి ఎక్కువ ధర పెట్టడం మా సేకరణలో మామూలే. బడి రికార్డుల విషయంలో అది తప్పని నా గట్టి నమ్మకం. నా ఏంజెల్ కాపీ పాఠం ఏమిటో చెబుతుంది. ఆ పాఠాన్ని విశాఖ పిల్లలు ఎలా వాడుకున్నారో ఈ కాపీయే చెబుతుంది. రెండూ ఎదురెదురుగా లేకపోతే ఏది అచ్చు లోపమో, ఏది వాడకమో తేల్చలేం.

ఆవిడ అమ్మనన్నారు, నేనూ అడగలేదు. రెండు కాపీలూ, ఆవిడ చెప్పిన చేపల తాళాలూ రికార్డు చేసుకున్నాను. సెట్‌లో రెండో ప్లేటు భీమిలిలో ఒక పూర్వ విద్యార్థి దగ్గర ఉందట. సంక్రాంతి వెళ్ళాక అక్కడికి తీసుకెళ్తానని మాటిచ్చారు.