నీటి మొక్కల పేరుతో నేల మొక్కలు, ఆ తర్వాత నత్తలు: నా అనుభవం

అక్వేరియం దుకాణంలో నీళ్లలో ముంచి అమ్మేదంతా నీటి మొక్క కాదు. ఈ ఒక్క ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు చాలా చాకిరీ తప్పేది. చెప్పాల్సింది అమ్మిన మనిషి. అతను చెప్పలేదు సరికదా, తప్పు నా మీదకే నెట్టాడు. కుళ్లిన మొక్కల్లో చివరిదాన్ని ఇవాళే పీకి పారేశాను, చేతివేళ్లకి ఆ కంపు ఇంకా వదల్లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ట్యాంకు, ఫిల్టరు, లైటు, ఇసుక అమర్చుకోవడం పెద్ద పనేం కాదు. చేపల్ని వేసేముందు ఫిల్టర్లో మేలుచేసే బ్యాక్టీరియా పెరగాలి. చేపల వ్యర్థాల్లోంచి పుట్టే విషం అమోనియా నైట్రైటుగా, నైట్రైటు అంత హాని లేని నైట్రేటుగా మారే వరస కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఓపిక పట్టాను, అయిపోయింది. చిక్కంతా మొక్కల దగ్గరే వచ్చింది.

"ఎప్పటికీ నీళ్లలోనే మునిగి ఉండే మొక్కలు కావాలండీ" అని సూటిగానే అడిగాను. అతను వరసగా తీసి ఇచ్చాడు: లక్కీ బాంబూ కాడలు, బిరుసు గడ్డిలా ఉండే మాండో గ్రాస్, అడుగున ఊదారంగు ఉన్న ముడతల ఆకుల హెమిగ్రాఫిస్, బాణం మొనలాంటి ఆకుల సింగోనియం. "అన్నీ నీటి మొక్కలే మేడమ్, ఢోకా లేదు" అన్నాడు. ఇవి నాలుగూ నేల మీద పెరిగేవే. లక్కీ బాంబూ అసలు వెదురే కాదు, డ్రసీనా జాతి. కుండీలో పెట్టినా, కాళ్లు మాత్రం నీళ్లలో ఉంచి తల బయట ఉంచినా ఏళ్ల తరబడి బతుకుతుంది. తలతో సహా ముంచితే మాత్రం చావు ఖాయం.

ఆ చావు వెంటనే రాదు. దుకాణం వాళ్లకి కలిసొచ్చేది అదే. ముంచిన నేల మొక్క కాండంలో, వేళ్లలో దాచుకున్న ఆహారం మీద కొంతకాలం నెట్టుకొస్తుంది. మాండో గ్రాస్ లాంటి మొండి జాతి నెలల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. చూసేవాళ్లు బాగుందనే అంటారు. కానీ కొత్త ఆకు ఒక్కటీ రాదు. ఆ తర్వాత వరసగా మొదలవుతుంది. హెమిగ్రాఫిస్ ఆకులు అంచుల్లో గాజులా పలచబడ్డాయి, ముట్టుకుంటే చిరిగిపోయాయి. సింగోనియం తొడిమలు మొదలు దగ్గర మెత్తబడ్డాయి. లక్కీ బాంబూ కాడని నొక్కితే పైతోలు ఊడి నా బొటనవేలికి అంటుకుంది, లోపల పసుపుపచ్చటి గుజ్జు. నీళ్లు మసకబారాయి, పరీక్షలో అమోనియా కనిపించింది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

కుళ్లిన కాడని కవర్లో వేసుకుని అదే దుకాణానికి వెళ్లాను. నలుగురు కొనేవాళ్లు నిలబడి ఉన్నారు. అతను కవరు కూడా విప్పకుండా, అందరికీ వినబడేలా, "మొక్కలు పెంచడం అందరికీ చేతకాదు మేడమ్. మీ నీళ్లు మంచివి కావు" అన్నాడు. ఒక ఎరువు సీసా, ఇంకో పెద్ద లైటు తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనున్నవాళ్లు జాలిగా చూశారు. నాకు మొహం కందిపోయింది. "దీని శాస్త్రీయ నామం ఏంటో చెప్పండి" అని అడిగితే "పేరుతో పనేముంది" అని అటు తిరిగిపోయాడు.

నీళ్లు మంచివి కాకపోతే నా స్నేహితురాలు ఇచ్చిన హార్న్‌వర్ట్ అదే ట్యాంకులో, అదే లైటు కింద, రోజురోజుకీ ఎలా పెరుగుతోంది? దానికి వేళ్లే ఉండవు, తేలుతూనే బతుకుతుంది. కత్తిరించిన ముక్కలు కూడా పెరుగుతున్నాయి. నీళ్లు బాగానే ఉన్నాయనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అతని ఎరువూ కొనలేదు, లైటూ కొనలేదు. ఆ రాత్రే వృక్షశాస్త్రం పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఏ మొక్కనైనా చేత్తో పట్టుకుని చెప్పగలను. ఈ మాట గర్వంగానే అంటున్నాను.

కార్బన్ డయాక్సైడు లాంటి వాయువులు గాలిలో కంటే నీళ్లలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తాయి. నేల మొక్క ఆకుకి ఎండిపోకుండా పైన మైనపు పొర ఉంటుంది, గాలి పీల్చడానికి పత్రరంధ్రాలు ఉంటాయి. నీళ్లలో ముంచితే ఆ పొర అడ్డుగోడ అవుతుంది, రంధ్రాలు పనికిరావు. మొక్క ఆకలితో చస్తుంది. అసలైన నీటి మొక్క ఆకు చాలా పలచన, మైనపు పొర ఉండీ లేనట్టే, కావాల్సినవన్నీ ఆకు ఒంటితోనే నీళ్లలోంచి పీల్చుకుంటుంది. కాండంలో గాలి గదులు ఉంటాయి కాబట్టి నీళ్లే దాన్ని నిలబెడతాయి, దానికి గట్టి కాండంతో పని లేదు.

పరీక్ష కూడా ఇందులోంచే వచ్చింది. మొక్కని నీళ్లలోంచి పైకి తీసి మొదలు దగ్గర పట్టుకోండి. వాలిస్నేరియా, కబోంబా, హైడ్రిల్లా, హార్న్‌వర్ట్ అయితే తడిబట్టలా చేతి మీద వాలిపోతాయి. నిటారుగా నిలబడితే అనుమానించండి. ఆకు మీద నీటిచుక్క ముత్యంలా జారిపోతే, ఆకు తోలులా మెరిస్తే, ఇంకా అనుమానించండి. ఆకు మీద తెల్లచారలు ఉన్నా నేను ముందు అనుమానించే పక్కకే వెళ్తాను. వాలిస్నేరియా, హైడ్రిల్లా కొత్తవేం కావు, బళ్లో చదువుకున్నవే. నీళ్ల మీద పరాగసంపర్కానికి వాలిస్నేరియా, ఆక్సిజన్ బుడగల ప్రయోగానికి హైడ్రిల్లా. పాఠం చదివినవాళ్లకి కూడా దుకాణంలో ఆ పేర్లు గుర్తురావు.

అయితే ఈ పరీక్షకి ఒక లొసుగు ఉంది. నన్ను మొక్కల చావు కంటే ఎక్కువ తికమక పెట్టింది అదే. పేర్లు రాసుకుని, వేరే చోట క్రిప్టోకోరైన్, అనుబియాస్, జావా ఫెర్న్ కొన్నాను. ఇవి నిటారుగానే నిలబడ్డాయి. అయినా నీళ్లలో బతికేవే. ఇవి రెండు చోట్లా బతకగల రకం. వాగుల ఒడ్డున, వానాకాలంలో మునిగి, ఎండాకాలంలో తేలి పెరుగుతాయి. నర్సరీల్లో చాలావరకు వీటిని గాలిలోనే పెంచుతారు, అలా అయితే త్వరగా ఎదుగుతాయి, నాచు పట్టదు. కాబట్టి మన చేతికొచ్చేసరికి ఒంటి మీద ఉండేవి గాలి ఆకులు.

క్రిప్టోకోరైన్ నాటిన కొద్ది రోజులకే ఆకులన్నీ కరిగిపోయాయి. అంచులు గాజులా అయ్యాయి, చిల్లులు పడ్డాయి, తర్వాత జావ. అచ్చం హెమిగ్రాఫిస్‌కి జరిగినట్టే. మళ్లీ మోసపోయాననే అనుకున్నాను, పీకి పారేయడానికి చెయ్యి కూడా పెట్టాను. మొదలు నొక్కి చూస్తే గట్టిగా ఉంది. వేళ్లు తెల్లగా, విరగకుండా ఉన్నాయి. వదిలేశాను. కొన్నాళ్లకి ఇసుకలోంచి సన్నటి, గోధుమ ఛాయ ఉన్న ఆకు చుట్టలా పైకొచ్చింది. పాత ఆకుకీ దీనికీ పోలికే లేదు. అది నీటి ఆకు.

రెంటికీ తేడా ఇక్కడే పట్టుకోవాలి. నేల మొక్కకి కుళ్లు కాండంలోకి, మొదట్లోకి దిగుతుంది, నొక్కితే మెత్తగా ఉంటుంది, కంపు కొడుతుంది, కొత్త చిగురు రాదు. ఉభయచర మొక్కకి పాత ఆకులు పోతాయి, మొదలు గట్టిగా ఉంటుంది, వచ్చే చిగురు ఆకారం మారి వస్తుంది. క్రిప్టోకోరైన్‌ని చోటు మార్చినా, నీళ్లు ఒక్కసారిగా మారినా మళ్లీ కరుగుతుంది. అందుకే దాన్ని ఒకసారి నాటాక కదపొద్దు. అనుబియాస్, జావా ఫెర్న్‌ల లావుపాటి దుంపకాండాన్ని ఇసుకలో పూడ్చకూడదు, కుళ్లిపోతుంది. రాయికో చెక్కకో దారంతో కట్టేస్తే వేళ్లు వాటంతటవే పట్టుకుంటాయి.

మామూలు పేర్లని నమ్మకండి. ఒకే మొక్కకి దుకాణానికో పేరు పెడతారు. లాటిన్‌లో ఉండే శాస్త్రీయ నామం అడగండి. చెప్పలేని మనిషి దగ్గర మొక్క కొనకండి. అమ్మే సరుకు ఏమిటో తెలుసుకోవడం అమ్మేవాడి బాధ్యత, తెలియకపోతే తెలియదని చెప్పడం కనీస మర్యాద. కొనేవాళ్లని నలుగురిలో చిన్నబుచ్చడం వ్యాపారం కాదు. మనీ ప్లాంట్, సింగోనియం, లక్కీ బాంబూ ఇష్టమైతే ట్యాంకు అంచున కూర్చోబెట్టి వేళ్లు మాత్రం నీళ్లలోకి వదలండి. నైట్రేటుని బాగా పీల్చుకుంటాయి, హాయిగా బతుకుతాయి. అమ్మేటప్పుడు ఈ ఒక్క వాక్యం చెప్పడానికి ఏం ఖర్చవుతుంది?

నత్తల విషయంలో నేను ఎవరి మాటా వినలేదు, అందుకే ఆ పని సాఫీగా సాగింది. "యాపిల్ స్నెయిల్" అని పసుపుపచ్చటి నత్తలు చూపించారు. ఆ పేరు కింద రెండు రకాలు కలిపి అమ్ముతారు. పొమేసియా డిఫ్యూసా ఎక్కువగా నాచు, మిగిలిపోయిన మేత, కుళ్లిన ఆకులు తింటుంది. పొమేసియా కెనాలికులేటా బతికున్న మొక్కల్ని మొదలంటా నమిలేస్తుంది. దక్షిణ అమెరికాకి చెందిన ఈ నత్తని 1980 ప్రాంతంలో తినడానికని తైవాన్ తెచ్చారు. అక్కణ్ణుంచి ఆసియా వరిపొలాల్లో పడి నాశనం చేసింది. ప్రపంచంలో అతి హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో దాని పేరుంది. యూరోపియన్ యూనియన్ అయితే 2012లో పొమేసియా ప్రజాతి మొత్తాన్నే నిషేధించింది. నత్తని చేతిలోకి తీసుకుని గుల్ల చుట్లు కలిసే చోట గోటితో రాసి చూడండి. లోతైన గాడిలో గోరు దిగితే కెనాలికులేటా. చుట్టు పైఅంచు బల్లపరుపుగా ఉండి పై చుట్టుకి దాదాపు లంబంగా కలిస్తే డిఫ్యూసా. నాకు చూపించిన వాటిలో రెండూ కలిసే ఉన్నాయి. నేను తీసుకోలేదు.

నేను ఎంచుకున్నది నెరైట్ నత్త. అద్దం మీద పట్టే నాచుని గీకి తినడంలో దీనికి సాటి లేదు, బతికున్న మొక్క జోలికి పోదు. మంచినీళ్లలో సంతానం పెరగదు, పిల్లలకి ఉప్పునీళ్లు కావాలి. తెల్లటి నువ్వుగింజల్లాంటి గుడ్లు మాత్రం చెక్క మీద, అద్దం మీద అంటించి పెడుతుంది. అవి పొదగవు, ఊడిరావు, గట్టి కార్డుతో గీకాల్సిందే. పైకి పాకి బయటపడే అలవాటు ఉంది కాబట్టి మూత తప్పనిసరి. ఇసుకకి ట్రంపెట్ నత్తలు మంచివి, పగలు ఇసుకలో దూరి దాన్ని కదుపుతూ ఉంటాయి. కానీ ఆడది ఒక్కటే జత లేకుండా పిల్లల్ని కంటుంది, ఒకటి వేస్తే చాలు.

కొన్ని పిలవకుండానే మొక్కలతో వస్తాయి. గుల్ల మొన పైకి, నోరు మన వైపు పెట్టి పట్టుకోండి. నోరు ఎడమ వైపు ఉంటే అది ఫైసా, పొట్టిగా చురుగ్గా తిరిగేది. మొక్కలకి దానివల్ల భయం లేదు. ఒక్కటి కూడా తనంతట తానే గుడ్లు పెట్టగలదు, కాబట్టి పూర్తిగా వదిలించుకోవడం కష్టం. చేపలకి మేత తగ్గించండి, వాటి సంఖ్య దానంతటదే తగ్గుతుంది. ఆకు అడుగున జిగురు గుడ్ల ముద్ద కనిపిస్తే గోటితో తీసేసి, కొత్త మొక్కని వేరే తొట్టెలో కొన్నాళ్లు ఉంచి గానీ ట్యాంకులో పెట్టకండి. చెరువులో నత్తల్ని ఏరి తెచ్చి వేసుకోవద్దు, వాటిలో పరాన్నజీవులు ఉండొచ్చు.

నత్తల్ని పెట్టుకున్నవాళ్లు చేపల మందు సీసా వెనక తప్పకుండా చదవాలి. మైలుతుత్తం, కాపర్ అని ఎక్కడైనా కనిపిస్తే ఆ మందు ట్యాంకులో పడకూడదు, చేపకి నయం చేసే మోతాదే నత్తల ప్రాణం తీస్తుంది. నీళ్ల పీహెచ్ 7 కంటే కిందకి దిగితే గుల్ల కరిగి తెల్లగా గుంటలు పడుతుంది. నేను ఒక సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ లోపలి తెల్లటి గుల్ల) ముక్క వేసి ఉంచుతున్నాను, సున్నం దాన్నుంచి అందుతుంది.

కత్తిరించిన హార్న్‌వర్ట్, ఎక్కువైన నత్తలు కాలవలోనో చెరువులోనో వదలకండి. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి అందం కోసం వచ్చిన మొక్కే, ఇప్పుడు ఎన్ని చెరువుల్ని కప్పేసిందో చూస్తూనే ఉన్నాం. నేను మొక్కల ముక్కల్ని ఎండలో పూర్తిగా ఎండబెట్టాకే చెత్తలో వేస్తున్నాను. ఇవాళ పీకిన లక్కీ బాంబూ కాడలు కూడా వాటితోపాటే ఎండుతున్నాయి.