హ్యామ్ రేడియో లైసెన్స్: రిస్ట్రిక్టెడ్ నుంచి జనరల్‌కి నేనెలా ప్రిపేర్ అయ్యానంటే

హ్యామ్ రేడియో అంటే లైసెన్స్ తీసుకుని సొంత రేడియో సెట్‌తో సరదాగా ఇతరులతో మాట్లాడుకోవడం. ముందే చెప్పేస్తున్నా, నాది ఎలక్ట్రానిక్స్ కాదు, బీకాం. కాబట్టి "మాకు సైన్స్ బ్యాక్‌గ్రౌండ్ లేదండీ, రాయగలమా" అని అడిగేవాళ్ళకి సమాధానం ఇక్కడే అయిపోయింది, రాయొచ్చు. పన్నెండేళ్ళు నిండిన పిల్లలు కూడా రాసే పరీక్ష ఇది. కాకపోతే అందరూ భయపడేది ఒకదానికి, నిజంగా తిప్పలు పెట్టేది ఇంకోటి. దాని గురించే ఇదంతా.

మన దగ్గర రెండు గ్రేడులు, రిస్ట్రిక్టెడ్, జనరల్. రిస్ట్రిక్టెడ్ పాసైతే వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (గాల్లో మన స్టేషన్‌కి గుర్తింపు పేరు), 50 వాట్ల వరకు పవర్. జనరల్ అయితే వీయూ2, 400 వాట్లు. రెండిటికీ పేపర్లో రెండు సెక్షన్లే, ఒకటి రేడియో థియరీ, రెండోది రెగ్యులేషన్స్. నేను రాసినప్పటి రూల్స్ ప్రకారం రిస్ట్రిక్టెడ్‌కి గంట టైం, ఒక్కో సెక్షన్లో 40 శాతం, మొత్తం మీద 50 రావాలి. జనరల్‌కి రెండు గంటలు, సెక్షన్‌కి 50, మొత్తానికి 55. సెక్షన్ వారీ కటాఫ్ ఉందన్న సంగతి చాలామంది పట్టించుకోరు, థియరీలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నా రూల్స్ దగ్గర బోర్లా పడితే అంతే సంగతులు. అప్లై చేసేముందు మాత్రం లేటెస్ట్ నోటిఫికేషన్ ఒకసారి చూసుకోండి, ఫీజులూ పద్ధతులూ మారుతుంటాయి.

థియరీ గురించి ఎక్కువ చెప్పను. ఓమ్స్ లా, సిరీస్ పారలల్, రెజొనెన్స్, డయోడు, ట్రాన్సిస్టర్, సూపర్‌హెట్ రిసీవర్ బ్లాక్ డయాగ్రం, యాంటెన్నాలు, ప్రొపగేషన్. ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుంటే సగం అందులోనే ఉంటుంది. నాకు బాగా ఎక్కింది మాత్రం డాబా మీద వైరు కట్టాకే. హాఫ్‌వేవ్ డైపోల్‌కి (మధ్యలోంచి రెండు వైపులా సమానంగా లాగిన వైరు యాంటెన్నాకి) 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే పొడవు మీటర్లలో వస్తుంది అని చదువుతాం కదా, 7.1కి చేస్తే ఇరవై మీటర్ల పైచిలుకు, అంటే మధ్య నుంచి అటు పది ఇటు పది. టేపుతో కొలిచి రాగి వైరు కోసి, వాటర్ ట్యాంక్ స్టాండుకి ఒక కొస, పక్కనున్న ఇనప పైపుకి ఇంకో కొస కట్టి, బట్టలారేసే తాడనుకుని మా అమ్మ దానిమీద టవల్ వేసేదాకా వెళ్ళింది వ్యవహారం. లైసెన్స్ రాకముందు ట్రాన్స్‌మిట్ చెయ్యకూడదు, వినడం వరకే, షార్ట్‌వేవ్ రేడియో తగిలించి వింటే చాలు. పగలు నలభై మీటర్ల బ్యాండులో (7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీల్లో) దగ్గరివాళ్ళు, చీకటి పడ్డాక దూరందూరంగా ఉన్నవాళ్ళు ఎందుకు వినపడతారో అప్పుడు అర్థమైంది, పగలు ఆకాశంలో పైన ఉండే డి లేయర్ అనే పొర సిగ్నల్‌ని మింగేస్తుంది, రాత్రికి అది మాయమైపోయి పైనున్న ఎఫ్ లేయర్ నుంచి తిరిగొస్తుంది. ఇక ఈ ప్రశ్న ఏ రూపంలో అడిగినా తడబడను.

రెగ్యులేషన్స్‌లో ఒక ఉచ్చుంది, జాగ్రత్త. నెట్‌లో దొరికే ప్రాక్టీస్ యాప్‌లు ఎక్కువ శాతం అమెరికా పరీక్షవి. అక్కడ టెక్నీషియన్, జనరల్, ఎక్స్‌ట్రా అని మూడు మెట్లు, ప్రశ్నల పూల్ మొత్తం ముందే బయటపెడతారు, మొదటి మెట్టుకి 35లో 26 కరెక్టయితే పాసు. డల్లాస్‌లో ఉన్న మా పెదనాన్న కొడుకు అలాగే కొట్టాడు, అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళకి సిటిజన్‌షిప్ కూడా అక్కర్లేదు. కానీ అవే యాప్‌లు పట్టుకుని ఇక్కడ రాస్తే బ్యాండు లిమిట్స్ దగ్గర దొరికిపోతాం. వాళ్ళకి రెండు మీటర్ల బ్యాండు 144 నుంచి 148 మెగాహెర్ట్జ్, మనకి 146తో ఆఖరు. నలభై మీటర్లు వాళ్ళకి 7.3 దాకా, మనకి 7.2 వరకే. థియరీకి ఆ యాప్‌లు బంగారంలా వాడుకోండి, రూల్స్‌కి మాత్రం మన 1978 అమెచ్యూర్ సర్వీస్ రూల్సూ వాటి సవరణలే దిక్కు.

క్యూ కోడ్లు, అంటే క్యూతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు, బట్టీ కొట్టకుండా ఇంట్లో వాడెయ్యండి. మేమైతే ఇంట్లో లొకేషన్ పంపమనడానికి "క్యూటీహెచ్ పెట్టు" అనేవాళ్ళం. క్యూఆర్ఎం, క్యూఆర్ఎన్ దగ్గర అందరూ తికమక పడతారు, మొదటిది వేరే స్టేషన్ల వల్ల వచ్చే అడ్డు, రెండోది ఉరుములూ మెరుపుల వల్ల వచ్చే గరగర. మే నెల సాయంత్రం రేడియో పెట్టి వింటే క్యూఆర్ఎన్ ఇక జన్మలో మర్చిపోరు. ఎమిషన్ కోడ్లు (సిగ్నల్ ఏ రకమో చెప్పే గుర్తులు) కూడా చూసుకోండి, ఏ1ఏ అంటే మోర్స్ (పొట్టి, పొడుగు శబ్దాలతో అక్షరాలు పంపే పద్ధతి), జే3ఈ సింగిల్ సైడ్‌బ్యాండ్, ఎఫ్3ఈ ఎఫ్ఎం. దేశాల ప్రిఫిక్స్‌లు (కాల్‌సైన్ మొదట్లో దేశాన్ని చెప్పే అక్షరాలు) కూడా అడుగుతారు, మనవి ఏటీఏ నుంచి ఏడబ్ల్యూజెడ్, వీటీఏ నుంచి వీడబ్ల్యూజెడ్, 8టీఏ నుంచి 8వైజెడ్, పక్కింటివాళ్ళవి కూడా చూసుకోండి, శ్రీలంక 4ఎస్, నేపాల్ 9ఎన్, బంగ్లాదేశ్ ఎస్2.

ఇప్పుడు అసలు విషయం, మోర్స్. రిస్ట్రిక్టెడ్‌కి లేదు, జనరల్‌కి ఉంది, నిమిషానికి 8 పదాలు, వినడమూ పంపడమూ రెండూ. పదానికి ఐదక్షరాల లెక్కన నిమిషానికి నలభై అక్షరాలు, ఐదు నిమిషాలు ఏకధాటిగా రాసుకోవాలి, ఐదు తప్పులు దాటితే ఇంటికే. పాతకాలపు గ్రేడ్ వన్‌కి 12 పదాలుండేవని సీనియర్లు మనల్ని జాలిగా చూస్తారు, చూడనివ్వండి. అమెరికాలో 2007లోనే తీసేశారు కదా ఇక్కడెందుకు అని వాదించుకుంటూ కూర్చోవచ్చు, నేనూ కొన్నాళ్ళు ఆ వాదనకి హాజరు వేయించుకున్నవాణ్ణే, దాని వల్ల స్పీడు పెరగదు.

వీయూ3 తీసుకుని అక్కడే ఆగిపోయినవాళ్ళు నాకు తెలిసి చాలామందే ఉన్నారు, కారణం థియరీ కాదు, "మోర్స్ తర్వాత చూద్దాం" అనుకోవడమే. థియరీ నెల రోజులు కూర్చుంటే వస్తుంది, చెవికి అలవాటు మాత్రం ఒక్కసారిగా రాదు, రోజూ కొంచెం కొంచెం పడాలి. అందుకని నా సలహా, ముందు రిస్ట్రిక్టెడ్ రాసుకోండి తప్పులేదు, గాల్లోకి వెళ్ళడం ముఖ్యం, కానీ మోర్స్ మాత్రం పుస్తకం తెరిచిన రోజే మొదలెట్టండి, పొద్దున పావుగంట రాత్రి పావుగంట.

తెలుగు మీడియం వాళ్ళకి ఇందులో ఒక సరదా ఉంది. యమాతారాజభానస గుర్తుందా? మోర్స్‌లో పొట్టి శబ్దం డిట్, పొడుగుది డా. డిట్‌ని లఘువు, డాని గురువు అనుకోండి. మూడు గుర్తుల అక్షరాలు మోర్స్‌లో సరిగ్గా ఎనిమిదే, మన గణాలూ ఎనిమిదే. య గణం డబ్ల్యూ, మ గణం ఓ, త గణం జి, ర గణం కె, జ గణం ఆర్, భ గణం డి, న గణం ఎస్, స గణం యు. అంటే ఎస్ఓఎస్ అంటే న, మ, న. పద్యానికి గణవిభజన చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళకి ఒక్క సాయంత్రంలో ఎనిమిది అక్షరాలు వచ్చేస్తాయి. గురువు రెండు మాత్రలైతే డా మాత్రం మూడు డిట్ల పొడవు, అదొక్కటి సరి చేసుకోండి.

అయితే ఈ చిట్కా వారం దాటి వాడొద్దు. పరీక్షలో గణాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే మూడక్షరాలు వెనకపడిపోతాం. చార్టు కూడా గోడ మీంచి తీసెయ్యండి, చూసి నేర్చుకున్నది వినేటప్పుడు పనికిరాదు. కాక్ పద్ధతి పట్టుకోండి, అక్షరాన్ని మొదట్నుంచీ పూర్తి స్పీడులో, అంటే ఇరవై పదాల వేగంతో వినాలి, అక్షరాల మధ్య గ్యాప్ మాత్రం ఎక్కువ పెట్టుకోవాలి. కె, ఎం రెండిటితో మొదలెట్టి తొంభై శాతం కరెక్టుగా వస్తేనే కొత్తది కలపాలి. ఎల్‌కీ ఎఫ్‌కీ, క్యూకీ వైకీ గొడవ అందరికీ వస్తుంది, డా డా డిట్ డా అంటే క్యూ, డా డిట్ డా డా అంటే వై, ఈ రెండూ మాత్రమే కలిపి ఒక ఆడియో చేసుకుని బస్సులో వింటూ వెళ్ళేవాణ్ణి.

పంపడానికి స్ట్రెయిట్ కీ (పైకీ కిందకీ నొక్కే మామూలు మోర్స్ మీట) తీసుకోండి, వేళ్ళతో కొట్టకండి, మణికట్టు ఆడాలి. పంపేది ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు విని రాసుకోండి, మీకే అర్థం కాకపోతే ఎగ్జామినర్‌కి ఏం అర్థమవుతుంది? హాల్లో వినేటప్పుడు ఒక అక్షరం జారిపోతే చిన్న గీత పెట్టి వదిలెయ్యండి, దానికోసం ఆలోచిస్తే తర్వాతి నాలుగూ పోతాయి.

ఒంటరిగా చదవలేనివాళ్ళు హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోని కదపండి. 2004 డిసెంబర్‌లో సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు బయటికి చేరవేసిన భారతీ ప్రసాద్ గారి బృందం ఆ సంస్థదే. సరదా కోసం వెళ్ళిన రేడియోలు ఆ రోజు ఎందరికో దిక్కయ్యాయి, మోర్స్ ప్రాక్టీస్ విసుగొచ్చినప్పుడు నేను ఆ సంగతి చదువుకునేవాణ్ణి.

ఇంకో మాట, జనరల్ రాగానే 400 వాట్ల కోసం అప్పులు చెయ్యకండి. మార్కెట్లో ఉండే హెచ్ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్లు ఎక్కువ భాగం వంద వాట్లే, దానికి పైన చెప్పిన ఇరవై మీటర్ల రాగి వైరు సరిపోతుంది.