యాసిడ్ లైనుకి టెఫ్లాన్ గ్యాస్కెట్: నా అనుభవం

రాయగడలో నేను చూసేది 4 అంగుళాల యాసిడ్ పైపులైను, క్లాస్ 150 (ఒత్తిడి తరగతి) ఫ్లాంజ్‌లు. ఫ్లాంజ్ అంటే పైపు కొసల్ని బోల్టులతో కలిపే చక్రం లాంటి అంచు, గ్యాస్కెట్ అంటే కారకుండా రెండు ఫ్లాంజ్‌ల మధ్య పెట్టే రింగు. రబ్బరు గ్యాస్కెట్లు చీకిపోతుంటే టెఫ్లాన్ షీటుకి మారాను. యాసిడ్ దాన్నేమీ చెయ్యదు, 260 డిగ్రీల దాకా వేడికి ఓర్చుకుంటుంది. చిక్కంతా దాని మెతకదనంతోనే.

విశాఖ నుంచి షీటు రాగానే తూకం వేశాను. మీటరుకి మీటరు, 3 మి.మీ. మందమైతే ఆరున్నర కిలోలు తూగాలి. తూగింది 6. వెర్నియర్‌తో మందం కొలిస్తే ఒక అంచు 3, ఎదుటి అంచు 2.6! తిప్పి పంపేశాను. పలచని వైపు ఎంత బిగించినా కారుతుంది.

కొత్త షీటులో లోపలి వ్యాసం 114, బయటిది 175 మి.మీ. పెట్టి కోశాను. చలికాలం పొద్దున కొలిచినది మధ్యాహ్నానికి కాస్త పెరుగుతుంది. 19 డిగ్రీల దగ్గర టెఫ్లాన్ స్ఫటికాల అమరిక మారి, ఘనపరిమాణం సుమారు 1 శాతం పెరుగుతుంది. గ్యాస్కెట్‌కి అది అర మిల్లీమీటరే, పట్టించుకోనక్కర్లేదు. లేత్ మీద టెఫ్లాన్ బుష్‌లు (ఇరుసు తిరిగే గొట్టపు ముక్కలు) తిప్పేవాళ్లు మాత్రం సరుకును ఒక రాత్రంతా 23 డిగ్రీల గదిలో ఉంచాకే కొలవాలి.

బిగించిన మూడో రోజే చెమ్మ కనబడింది. ఒత్తిడి కింద టెఫ్లాన్ మెల్లగా పక్కలకు జారుతుంది, బోల్టుల్లో పట్టు తగ్గుతుంది. మందం ఎక్కువైతే జారడమూ ఎక్కువే. నా 3 మి.మీ. ఎంపికే తప్పు. ఫ్లాంజ్ ముఖాలు చదునుగా ఉంటే 1.5 చాలు. ఈసారి 25 శాతం గాజుపీచు కలిపిన షీటు తీసుకున్నాను, జారుడు బాగా తగ్గింది. అయితే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉన్నచోట ఆ షీటు పనికిరాదు, ఆ యాసిడ్ గాజును తినేస్తుంది.

ఎనిమిది బోల్టులనూ ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాను. గ్రీజు మరలకే. గ్యాస్కెట్‌కి రాస్తే ఇంకా జారుతుంది. 24 గంటలయ్యాక లైను ఖాళీ చేసి, చల్లారాక మరోసారి బిగించాను. చాలామంది వదిలేసేది ఈ పనే.

మిగిలిన ముక్కల్ని ట్రే అడుగున అతికిద్దామంటే మామూలు షీటుకి ఏ జిగురూ పట్టదు. సోడియంతో ఒక వైపు గోధుమరంగుకి తిప్పిన షీటు అడగాలి, ఎండ తగలకుండా చుట్టి దాచాలి. ఇక తునకల్ని పొయ్యిలో వెయ్యకండి, టెఫ్లాన్ పొడి అంటిన చేత్తో బీడీ ముట్టించకండి. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల్లో చలిజ్వరం పట్టుకుంటుంది.