హవల్దార్ తాతగారి విజిల్

ఈరోజు హవల్దార్ తాతగారి పెద్దకర్మ. పొద్దున్నే కాలవ గట్టు మీదికి వెళ్లాను, ఊరికే. ఆయన సున్నంతో గీసిన గీత చెరిగిపోయింది గానీ ఆ మలుపు దగ్గర కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి.

మాది మిలటరీ మాధవరం, తాడేపల్లిగూడెం దగ్గర. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. తాతగారు 1971 యుద్ధం చూసినవారు. దాని గురించి అడిగితే మాత్రం "ముందు పరిగెత్తరా" అనేవారు, అంతే.

రిటైరయ్యాక ఇరవై ఏళ్లకు పైగా, తెల్లవారుజామున నాలుగున్నరకల్లా షూ లేసుకు కట్టిన విజిల్ మెళ్లో వేసుకుని గట్టు మీద నిలబడేవారు. ఆర్మీ భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు ఐదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే దానికి పూర్తి మార్కులు, అందుకే మా అందరి టైమూ ఒక పాత డైరీలో రాసేవారు. నాది మొదట 7:10. పక్కన ఎర్ర ఇంకుతో "మోకాళ్లు పైకి" అని రాశారు. ఒక్క రూపాయి తీసుకోలేదు, వాలీబాల్ నెట్లు కూడా పెన్షన్ డబ్బుతోనే కొనేవారు.

ఆయన వెదురు కర్ర మీద నెట్ ఎత్తుకి రెండు గుర్తులుండేవి, మగపిల్లలకు 2.43 మీటర్లు, ఆడపిల్లలకు 2.24. ఆడపిల్లలకు ఆటలెందుకని ఎవరో అంటే, ఆ సాయంత్రం నెట్ రెండో గుర్తు దగ్గరే కట్టి, మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి వాళ్లనే ఆడించారు.

నేను ర్యాలీలో నెగ్గలేదు. ఇంటికొచ్చి చెబితే ఏమీ అనలేదు, మర్నాడు పిల్లల టైమ్ రాయమని డైరీ నా చేతిలో పెట్టారు.

ఆ డైరీ ఇప్పుడు నా దగ్గరే ఉంది. రేపు నాలుగున్నరకి గట్టు దగ్గరుంటాను, పిల్లల్ని పంపండి.