ఇచ్ఛాపురం నుంచి రంభ దాకా, మోచేతుల మీద

ఇచ్ఛాపురంలో బయల్దేరేసరికి ఐదున్నర. బాహుదా నది దాటి గిరిసోల దగ్గర ఒడిశాలోకి అడుగుపెట్టి, బ్రహ్మపుర పక్కగా, ఛత్రపురం, గంజాం, హుమ్మా మీదుగా చిలికా ఒడ్డున రంభ వరకు, మళ్లీ వెనక్కి. రానుపోను సుమారు 140 కిలోమీటర్లు, అంతా 16వ నంబరు జాతీయ రహదారే. టైం ట్రయల్ బైకు, అంటే గడియారంతో పోటీపడే ఒంటరి పందేల సైకిలు, దాని మీద ఒంటరి సాధనకు ఈ దారిని డిసెంబరులోనే ఎంచుకోవాలి, కారణం గాలి. రోడ్డు ఈశాన్యానికి పోతుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి వెళ్లేటప్పుడు ఎదురు, తిరిగొచ్చేటప్పుడు వెనక. ఏప్రిల్లో ఇది తలకిందులు. దక్షిణపు గాలి జోరందుకున్నాక అలిసిన కాళ్లతో ఎదురీదాల్సి వస్తుంది. అప్పుడైతే రంభ నుంచి మొదలుపెట్టడమే మేలు.

గిరిసోల దగ్గర లారీల బారు ఉంటే ఏరోబార్ మీద, అంటే మోచేతులు ఆనించే ముందు కడ్డీల మీద, వంగి పడుకోకూడదు. బ్రేకులు ఉండేది కింది హ్యాండిల్ మీద, చేతులు ఉండేది ముందు కడ్డీల మీద. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. చెయ్యి మార్చేలోపే ఆ పది మీటర్లు అయిపోతాయి. వంద మీటర్లలోపు ఎదురు దిశలో మోటార్ సైకిలో, ఆవో, కుక్కో కనిపిస్తే చేతులు కిందికే. బ్రహ్మపుర బైపాస్‌లో సర్వీసు రోడ్లు కలిసేచోట, రుషికుల్య నది వంతెన అతుకుల మీద కూడా అంతే. ఈ బైకు కొన్నది పడుకోవడానికే కదా అనిపిస్తుంది గానీ, పడుకునే చోట్లు మనం ఎంచుకోవాలి.

ఛత్రపురం దాటాక అసలు పని: ఇరవై నిమిషాల చొప్పున మూడు విడతలు, గంటసేపు నిలబెట్టుకోగల గరిష్ఠ శక్తిలో 80 నుంచి 85 శాతం. మధ్యలో పది నిమిషాలు నెమ్మది. మిగతా దారంతా 65 శాతం. కాళ్లకంటే ముందు మెడ, జీను (సీటు) ముక్కు మీద ఆనిన భాగం మొరాయిస్తాయి. పది నిమిషాలకోసారి ఇరవై సెకన్లు పెడళ్ల మీద లేచి నిలబడాలి. నొప్పి మొదలయ్యాక లేస్తే లాభం లేదు, తిమ్మిరి అప్పటికే పట్టేసి ఉంటుంది.

నీళ్ల లెక్క గంటకు 750 మిల్లీలీటర్లు. ముందు చేతుల మధ్య ఒక సీసా, జీను వెనక రెండు, వెరసి రెండుంపావు లీటర్లు. ఒక్కో సీసాలో 80 గ్రాముల పంచదార, గ్రాము ఉప్పు. గ్రాము ఉప్పులో సోడియం సుమారు 390 మిల్లీగ్రాములు. చెమట ఎక్కువ పట్టేవాళ్లు గ్రామున్నర వేసుకోవాలి. పంచదారలో గ్లూకోజు, ఫ్రక్టోజు సగం సగం ఉంటాయి గనుక ఖరీదైన పొడులు లేకపోయినా నడుస్తుంది, కాకపోతే తీపి వెగటు పుడుతుంది. రంభలో కలుపుకోవడానికి ఇంటి దగ్గరే తూచి కట్టిన మూడు పొట్లాలు జేబులో. జీను వెనక సీసాలు స్పీడు బ్రేకర్ల దగ్గర ఎగిరి పడిపోతాయి. పాత ట్యూబు ముక్కను రింగులా కోసి బిగిస్తే కదలవు. కిందపడ్డ సీసా కోసం లారీల మధ్య వెనక్కి పోయే అవసరమూ రాదు.

రోడ్డు అంచున లారీ టైర్లు పేలి చిందిన సన్నని ఉక్కు తీగలు ఉంటాయి. ఈ దారిలో పంక్చరుకు మొదటి ముద్దాయి అదే. ట్యూబ్‌లెస్‌ టైరులో పోసే సీలెంట్ ద్రవం చిన్న చిల్లును మూసేస్తుంది, కానీ తీగ లోపలే ఉండిపోతే చక్రం తిరిగిన ప్రతిసారీ మళ్లీ గుచ్చుతుంది. దూది ఉండను టైరు లోపల నెమ్మదిగా జరిపితే, పోగులు తగులుకున్నచోటే తీగ. పట్టకారుతో లాగాలి. అప్పటికీ గాలి నిలవకపోతే లోపల ట్యూబు వేసుకోవాలి. 50 మిల్లీమీటర్ల లోతు రిమ్ముకు కనీసం 70 మిల్లీమీటర్ల వాల్వు ఉన్న ట్యూబు కావాలి. మామూలు ట్యూబు తెచ్చుకుంటే వాల్వు రిమ్ములోనే మునిగిపోతుంది, పంపు అందదు. 28 మిల్లీమీటర్ల టైరుకు 70 కిలోల మనిషికి 65 నుంచి 70 పీఎస్‌ఐ చాలు. కొక్కెం అంచులేని (హుక్‌లెస్) రిమ్మయితే 72 దాటకూడదు. ముందు చక్రానికి 50 మిల్లీమీటర్ల కంటే లోతైన రిమ్ము వద్దు. లారీ దాటిపోయేటప్పుడు ముందు తోపు, వెంటనే లాగుడు, రెండూ హ్యాండిల్‌కే తగులుతాయి.

హుమ్మా దగ్గర ఉప్పు మడులు కనిపిస్తాయి. అక్కడి ఉప్పుగాలి కన్నా మన చెమటే బైకుకు ఎక్కువ చేటు. పడుకున్నప్పుడు అది ధారగా హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) మీద, మోచేతి ప్యాడ్ల బోల్టుల మీద కారుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్ల గుడ్డతో తుడిచి, బోల్టుల బిగువు చూడాలి. వాటి మీద గోళ్లరంగుతో గీత పెట్టుకుంటే వదులైన సంగతి చూపులోనే తెలుస్తుంది.

రంభలో చిలికా చూస్తూ పావుగంట, అంతకు మించితే కాళ్లు బిగుసుకుంటాయి. తిరుగుదారిలో బ్రహ్మపుర శివారు టిఫిన్ దుకాణంలో తెలుగే నడుస్తుంది. "బాబూ, ఇది సైకిలేనా, మరేటైనానా?" అని అడుగుతారు. ఇడ్లీ తినొచ్చు. గారెల్లాంటి నూనె వంటకాలు వద్దు, ఇంకా 25 కిలోమీటర్లు వంగి తొక్కాలి. ఒడియావాళ్ల తొరాణి, మన తరవాణి, రెండూ ఉప్పగా బాగుంటాయి గానీ అవి ఇచ్ఛాపురం చేరి, బైకు గోడకు ఆనించాకే.