ఎయిర్ వింగ్ గదిలో మిగ్-21

మన బడి సంచికల్లో క్రికెట్ టీమ్ మీద, యానివర్సరీ నాటకాల మీద ఇప్పటికే చాలామంది రాశారు. సైకిల్ స్టాండు వెనకాల ఉండే ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ గది గురించి ఎవరూ రాసినట్టు లేదు. శనివారం పరేడ్ అయ్యాక మిగతావాళ్లు బాల్సా చెక్కతో ఎగిరే మోడళ్లు చేస్తూ కుస్తీ పడేవారు. మేం నలుగురం మాత్రం ఎప్పటికీ ఎగరని విమానం ఒకటి పట్టుకుని మూల బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. అది 1/72 స్కేలు ప్లాస్టిక్ కిట్. అసలు విమానంలో 72 అంగుళాలు ఉన్నది మోడల్లో ఒక్క అంగుళం అవుతుంది. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకి ఏడు మీటర్ల పైచిలుకు ఉండే మిగ్-21 యుద్ధ విమానం మా చేతుల్లో పది సెంటీమీటర్లకు దిగొచ్చింది.

మిగ్గే ఎందుకు అంటే, మనది బాలానగర్ దారిలో ఉన్న బడి. హెచ్‌ఏఎల్ అనే విమానాల తయారీ సంస్థ వాళ్ల పిల్లలు లేని క్లాసు ఉండేది కాదు. మిగ్ బాడీ నాసిక్‌లో, ఇంజను కోరాపుట్‌లో తయారైతే, దానిలోని ఎలక్ట్రానిక్ పరికరాల పని మన హైదరాబాద్ డివిజన్‌ది. మాలో ఒకడి నాన్నగారు అక్కడే చేసేవారు. కిట్ ఆయన చుట్టాలెవరో విదేశాల నుంచి తెచ్చిందే. ఒకసారి వచ్చి మోడల్ చూసి, "బయట ఎన్నైనా అడగండి, లోపల ఏముందో మాత్రం అడక్కండి" అని నవ్వి వెళ్లిపోయారు. దాంతో మాకు ఆ విమానం మీద గౌరవం రెట్టింపయింది.

అతికించడం గురించి పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. ముక్కులో సీసం గుండ్లు పెట్టకపోతే తోక మీద కూలబడుతుందని సార్ ముందే చెప్పారు, పెట్టాం. 1971 యుద్ధంలో వాడిన ఎఫ్‌ఎల్ రకానికి లోపల తుపాకీ లేదు, పొట్ట కింద ఒక పెట్టెలో తగిలించేవారు. ఆ పెట్టె కిట్‌లో లేకపోతే చెక్క పేడు చెక్కి అతికించాం. రంగు దగ్గర మాత్రం పెద్ద గొడవే జరిగింది. ఇద్దరికి మెరిసే వెండి రంగు కావాలి. మిగతా ఇద్దరికి 1971 డిసెంబరు 14న ఢాకాలో గవర్నర్ భవనం మీద దాడి చేసిన మిగ్‌ల్లాంటిది కావాలి. యుద్ధ సమయంలో చాలా మిగ్‌లకి స్క్వాడ్రన్‌లోనే పచ్చ రంగులు పూశారనీ, ఒకదానిలా ఒకటి ఉండేది కాదనీ సార్ చెప్పేసరికి పచ్చ పార్టీ గెలిచింది. ఎవరూ తప్పు పట్టలేని రంగు కదా మరి!

అసలు టెన్షన్ డెకాల్స్‌తో, అంటే నీళ్లలో తడిపి అంటించే బొమ్మలతో మొదలైంది.

షీటు చాలా పాతది. సోవియట్ ఎర్ర నక్షత్రాలు, మన వైమానిక దళం గుర్తులైన మూడు రంగుల చక్రాలు, తోక మీది జెండా పట్టీలు అన్నీ ఉన్నాయి గానీ, చుట్టూ ఉన్న పారదర్శక పొర పసుపెక్కింది. మనకి అక్కర్లేని ఒక నక్షత్రాన్ని ముందు నీళ్లలో వేసి చూడమన్నారు సార్. గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషంలో అది కాగితం నుంచి జారాలి. మా నక్షత్రం జారే లోపే ముక్కలు ముక్కలై గిన్నెలో తేలింది. నలుగురం ముఖాలు చూసుకున్నాం. సార్ మాత్రం, "పోయింది రష్యాదేగా" అన్నారు.

ఆ తర్వాత ఆయన చేయించిన వైద్యం ఇప్పటికీ పనికొస్తుంది. షీటుని కిటికీ అద్దానికి టేపుతో అంటించి కొన్నాళ్లు ఎండ తగలనిచ్చాం. పసుపు చాలావరకు విరిగింది. తర్వాత షీటు మొత్తం మీద పల్చగా క్లియర్ వార్నిష్ పూశాం. పగుళ్లు పట్టిన పాత పొరని ఈ కొత్త పొర కలిపి పట్టుకుంటుంది. కాకపోతే షీటంతా ఒకే పొర అయిపోతుంది కాబట్టి ప్రతి చక్రాన్నీ అంచు వెంబడే కత్తిరించుకోవాలి. రూపాయి బిళ్ళకన్నా చిన్న చక్రాల్ని గోళ్ల కత్తెరతో గుండ్రంగా కోయడం నా వంతు.

ఇక పచ్చ రంగు మ్యాట్, అంటే మెరుపు లేనిది. కంటికి నున్నగా కనిపించినా మ్యాట్ రంగు నిండా సన్నటి గరుకు. దాని మీద డెకాల్ వేస్తే కింద గాలి చిక్కుకుని, వెలుతురులో ఆ పొర వెండి మరకలా మెరుస్తుంది. అందుకని ముందు మెరిసే వార్నిష్, దాని మీద డెకాల్, అంతా ఆరాక పైన మ్యాట్ వార్నిష్. రెక్క మీద గీతల్లోకి డెకాల్ దిగడానికి ప్రత్యేక ద్రావణాలు అమ్ముతారని తర్వాత తెలిసింది. మా దగ్గర ఉన్నది నీళ్లు కలిపిన వెనిగర్. బ్రష్‌తో రాయగానే చక్రం అప్పడంలా ముడతలు పడింది. సరిచేద్దామని ఒకడు వేలు పెట్టబోతే సార్ చెయ్యి పట్టుకుని ఆపేశారు. మెత్తబడిన డెకాల్‌ని ఆ సమయంలో ముట్టుకుంటే చిరిగిపోతుంది. వదిలేస్తే ఆరుతూ దానంతటదే సాగి అతుక్కుంటుంది. అలాగే అతుక్కుంది. మిగిలిన బుడగల్ని సూదితో పొడిచి మళ్లీ ఓ చుక్క వెనిగర్ వేశాం.

తోక పట్టీల్లో కాషాయం ఎప్పుడూ ముందువైపుకే ఉండాలి. కుడి పక్కకి పట్టీని తలకిందులుగా తిప్పి వేయాలన్నది మాలో అందరికన్నా తక్కువ మాట్లాడేవాడికి తట్టింది.

1963లో వైమానిక దళంలోకి వచ్చిన మిగ్-21కి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పారు. ఆ రోజు మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో మా మోడల్ నలుపు తెలుపు ఫొటో పెట్టారు. వెంటనే పాత గొడవ లేచింది. మా చక్రాల బయటి వలయం నారింజ రంగులో ఉండేదని ఒకడు, నిండు కాషాయమేనని ఇంకొకడు. కిటికీ ఎండకే వెలిసిందని మూడోవాడి వాదన. షీటు పెట్టెలోంచి తీసినప్పుడే అలా ఉందని నేను. నలుగురిలో ఏ ఒక్కరూ తగ్గడం లేదు. ఆ ఏడాది సైన్స్ ఎగ్జిబిషన్‌లో కలర్ ఫొటో తీసినవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి గ్రూపులో పెట్టండి. నారింజ అన్నవాడికి ముందు చూపించకండి.